నా బ్యాగు నాకంటే ముందు బయల్దేరిన గురువారం

బోధన్‌లో ఏ పెళ్లికి పోయినా సరే, విస్తట్లో పప్పు పడేలోపు ఎవరో ఒకరు నా పక్కకు కుర్చీ లాక్కుని ఫోను ముందుకు చాపుతారు. "అక్కా, విమానం నడిపేటోళ్లు ఏమేం యాపులు వాడతరు? జర నా ఫోన్ల సుత ఎక్కియ్యి." అడిగేవాళ్లలో కొందరు గల్ఫ్‌కు వస్తూ పోతూ ఉండేవాళ్లు. వాళ్లడిగితే అర్థముంది. మిగతావాళ్లకు నిజామాబాద్ బస్సెక్కడమే దూరప్రయాణం. అయినా అడుగుతారు. నాకు ముక్కు మీద కోపం. కానీ పెళ్లిపందిట్లో కసురుకుంటే అవ్వ పరువు పోతుంది. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం. అందుకని పళ్లు బిగబట్టి, అడిగినవన్నీ ఎక్కించి పెడతాను.

పైలట్లకు, ఊళ్లు పట్టుకుని తిరిగేవాళ్లకు పనికొచ్చే యాప్‌లకు కొదవేమీ లేదు. నా ఫోను నిండా అవే. చిక్కల్లా ఏమిటంటే, మా ఇంట్లో వాటిని నాకంటే ఎక్కువ వాడేవాళ్లు ఇద్దరున్నారు. ఆ ఇద్దరిలో ఎవరూ విమానం నడపరు.

ముందు బాపు సంగతి చెప్పాలి. మా నాన్న ఒకప్పుడు చెరకు రైతు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వరికి మారాడు. రన్‌వే దగ్గర గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఎంత ఎత్తున ఉంది, చినుకు ఎప్పుడు పడుతుంది అని చెప్పే యాప్ ఒకటి నా ఫోనులో చూసి, అదే రోజు తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. ఆ యాప్ ఎయిర్‌పోర్టుల వాతావరణం మాత్రమే చెబుతుంది. మా జిల్లాలో ఎయిర్‌పోర్టు లేదు. బాపు దానికేమీ దిగులు పడలేదు, శంషాబాద్‌ది చూడడం మొదలుపెట్టాడు. ఒక యాసంగిలో, అంటే రబీ కోతలప్పుడు, శంషాబాద్‌కు వాన అని చూపించగానే, బోధన్‌లో ఎర్రటి ఎండలో ఆరుతున్న వడ్ల మీద టార్పాలిన్లు కప్పించాడు. బాపు కప్పాడని వాడకట్టంతా కప్పింది. పైలట్ బాపుకు తెలియని వానా అని.

"బాపూ, అది శంషాబాద్ వాన!" అని నేను మొత్తుకున్నాను.

"శంషాబాద్‌ల పడ్డ వాన బోధన్‌కు రాదా? శంషాబాద్ కెల్లి నువ్వు వస్తలేవా?" అన్నాడు బాపు.

దీనికి జవాబు చెప్పగల పాఠం ఏ ఫ్లయింగ్ స్కూల్లోనూ చెప్పరు.

అవ్వది ఇంకో దారి. ఆకాశంలో ఎగిరే విమానాలన్నీ చిన్న చిన్న పసుపు విమానాల్లా కనిపించే యాప్ ఉంది కదా, అది అవ్వది. నా విమానం నంబరు కొట్టి, కూరగాయలు తరుగుతూ, బియ్యం ఏరుతూ, నేను లేచిన ఊరి నుంచి దిగే ఊరి దాకా నన్ను చూపుతోనే తోలుకుపోతుంది. అవ్వ దాన్ని విమానం అనదు, చుక్క అంటుంది. ఒకసారి ఢిల్లీ మీద రద్దీగా ఉండి, దిగడానికి వంతు రాక, మమ్మల్ని గాల్లోనే గుండ్రంగా తిప్పారు. మా పనిలో అది రోజూ ఉండేదే. దిగి ఫోను ఆన్ చేశానో లేదో అవ్వ ఫోను.

"దిగినవా బిడ్డా?"

"దిగిన."

"గాడ గాడనే సుట్లు తిరిగినవేంది? తొవ్వ తప్పినవా? అడగరాదూ ఎవలనన్న!"

"జాగ లేక తిప్పిండ్రు అవ్వా. కింద జాగ దొరికేదాంక పైన తిరుగుతరు. గంతే."

"మరి ఫికరైతది గద."

"యాపుల దిగినట్టు కనిపిస్తది గద! చూసినంక మళ్ల ఎందుకు అడుగుతవ్, దిగినవా దిగినవా అని?"

అవ్వ ఫోను పెట్టేస్తుంది. తర్వాతి రోజు మళ్లీ అడుగుతుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. నేను కసురుకోవడం, ఆమె అడగడం.

ఇంతటితో ఆగి ఉంటే బాగుండేది. కంపెనీ వాళ్లు మా డ్యూటీలు పంపే యాప్ ఒకటుంటుంది, ఏ రోజు ఏ ఊరికి అని. ఎప్పుడైనా అవసరపడుతుందని అది అవ్వకు కూడా కనిపించేలా పెట్టడం నా బుద్ధితక్కువ. అవ్వ తన ఫోనులో దాని పక్కనే పంచాంగం యాప్ పెట్టుకుంది. ఆ రెండూ పక్కపక్కన కూర్చున్న నాటి నుంచి నాకు మనశ్శాంతి లేదు.

వారశూల అని ఒకటుంది. ఫలానా వారం ఫలానా దిక్కుకు పోకూడదు. మంగళ, బుధవారాలు ఉత్తరం పనికిరాదు, గురువారం దక్షిణం పనికిరాదు. పొలానికో, అంగడికో పోయేవాళ్లకు ఒక రోజు ఆగితే పోయిందేమీ లేదు. నాకు? "మంగళారం ఢిల్లీ ఏంది బిడ్డా? ఉత్తరం శూల. మీ కంపెనీల చెప్పెటోళ్లే లేరా?" అని అడుగుతుంది. పొద్దున ఉత్తరానికి పోయి మధ్యాహ్నం దక్షిణానికి తిరిగొస్తే శూల సగం కొట్టేసుకుంటుందా అని మా పురోహితుణ్ణి అడిగింది. నేను మస్కట్ పోయిన రోజు, గాల్లో ఉన్నప్పుడు ఏ ఊరి రాహుకాలం చూడాలి, లేచిన ఊరిదా, దిగే ఊరిదా, కింద ఉన్న సముద్రానిదా అని అడిగింది. పాపం ఆయన, చూసి చెబుతానమ్మా అని పోయినవాడు మా వాడకట్టుకు రావడం తగ్గించాడు.

దీనికి పాతకాలం వాళ్లు కనిపెట్టిన ఉపాయం ప్రస్థానం. శూల ఉన్న రోజు తప్పక పోవాల్సి వస్తే, ముందు రోజే మంచి ఘడియ చూసి, ప్రయాణపు సామానులో ఏదో ఒకటి తీసుకెళ్లి పక్కింట్లో పెడతారు. అంటే మనిషి ఆ ఘడియలోనే బయల్దేరినట్టు లెక్క. మరునాడు పోతూ పోతూ దాన్ని అందుకుని పోవాలి. ఒకటే షరతు, ఒకసారి గడప దాటిన ప్రస్థానం మళ్లీ ఇంట్లోకి తిరిగి రాకూడదు. అవ్వ నా కోసం ఎప్పుడూ ఒక తువ్వాల, అందులో పసుపు కొమ్ము కట్టి పెట్టేది. నేనూ ఏమీ అనేదాన్ని కాదు. తువ్వాలే కదా.

పెట్టేది మా ఇంటికి దక్షిణాన ఉన్న క్యాంపు అత్తయ్య ఇంట్లో. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి కాలువ కింద భూములు కొనుక్కుని వచ్చినవాళ్లు. అలా వచ్చినవాళ్లుండే పల్లెలను మా వైపు క్యాంపులంటారు. అక్కడి నుంచి మా వీధిలోకి మారి ఇన్నేళ్లయినా ఆమె మాకు క్యాంపు అత్తయ్యే. భర్త, ఆమె, ఒక కారు. పట్టింపుల్లో అవ్వకు అక్కలాంటిది.

ఇక ఆ గురువారం. నేను అప్పటికి ఫస్ట్ ఆఫీసర్‌ని. అంటే కుడివైపు సీటు, భుజం మీద మూడు పట్టీలు. శుక్రవారం పొద్దున నాకు ఆఖరి పరీక్ష ఉంది. ఎడమ సీట్లో కూర్చుని, పరీక్షించే కెప్టెన్ పక్కన చూస్తూ ఉండగా, ప్రయాణికులతో పోయి రావాలి. గట్టెక్కితే నాలుగో పట్టీ, నేనూ కెప్టెన్. అంతకుముందు ఒకసారి జ్వరమొచ్చి వంతు పోగొట్టుకున్నాను. మళ్లీ ఆ వంతు రావడానికి ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. ఈసారీ పోతే వరస చివరికి పోయి నిలబడాల్సిందే. అందుకే బోధన్‌లో సెలవు ముగించుకుని, గురువారం మధ్యాహ్నం తిని కారులో బయల్దేరి, సాయంత్రానికి హైదరాబాద్‌లోని నా గదికి చేరి, హాయిగా నిద్రపోవాలని నా ఆలోచన.

తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. మెట్ల కింద ఎప్పుడూ పెట్టే చోట నా డ్యూటీ బ్యాగు లేదు.

"అవ్వా, నా నల్ల బ్యాగేది?"

"అది నిన్ననే బయల్దేరింది," అంది అవ్వ, పళ్లెం తీస్తూ.

గురువారం దక్షిణానికి శూల. పైగా ఇది మామూలు ప్రయాణం కాదు. ఇంత పెద్ద పనికి తువ్వాల ఆనదని, మనిషి పనికి వాడే వస్తువే పెట్టాలని అవ్వ అనుకుంది. బుధవారం పొద్దుగూకే ముందు మంచి ఘడియలో, నేను స్నానానికి పోయినప్పుడు, బ్యాగుకు బొట్టు పెట్టి తీసుకెళ్లి అత్తయ్యకు అప్పగించింది. అందులో నా లైసెన్సు ఉంది. మెడికల్ కాగితం ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా ఎయిర్‌పోర్టు లోపలికి పోనిచ్చే పాసు ఉంది. వాటి ఫోటోలు నా ఫోనులో, పత్రాలు దాచుకునే యాప్‌లో, రంగు రంగు ఫోల్డర్లలో భద్రంగా ఉన్నాయి. కానీ గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవానుకు ఫోల్డర్ల రంగుతో పని లేదు.

సరే, పక్కిల్లే కదా అని పోయాను. అత్తయ్య ఇంటికి తాళం. లింబాద్రి గుట్ట జాతరకని భోజనాల వేళకు కాస్త ముందే భీమ్‌గల్ బయల్దేరారని ఎదురింటివాళ్లు చెప్పారు. అత్తయ్యకు ఫోను చేశాను. ఆ తాళం వేసిన ఇంట్లోంచే మోగింది. మామయ్యకు చేస్తే జాతర రద్దీకి లైనే కలవలేదు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. అరిచాను. ఏమరిచానో రాయను. అవ్వ మాత్రం, "శూల నాడు పోయేటప్పుడు గట్ల ఒర్లద్దు బిడ్డా," అంది మెల్లగా. బాపు నిచ్చెన తెచ్చాడు. అత్తయ్య వంటింటి వెంటిలేటర్ అద్దాలు ఊడదీసి దూరతానన్నాడు. తల దూరింది, భుజాలు దూరలేదు. సగం లోపల, సగం బయట వేలాడుతూ, "ఫోను మంచిగ కనవడుతున్నది, బ్యాగు కనవడుత లేదు," అని లోపలి నుంచి కబురు చెప్పాడు. కింద వాడకట్టంతా చేరి తలో సలహా ఇచ్చింది. ఒకాయన నిచ్చెన పట్టుకుని, శంషాబాద్‌లో మబ్బుందా అని బాపును అడిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రయాణికులు ఒక ఊళ్లో దిగి, వాళ్ల సామాను ఇంకో ఊళ్లో దిగడం ఎన్నోసార్లు చూసినదాన్ని కాబట్టి, నా బ్యాగులో రూపాయి బిళ్లంత ట్రాకర్ ఒకటి వేసి ఉంచాను. ఆ బిళ్ల ఎక్కడుందో ఫోనులోని యాప్ చూపిస్తుంది. తీసి చూశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. మేము ఊరు దాటిపోయిన పిల్లను చంకలో వెతుకుతున్నాం. నా బ్యాగు నిజామాబాద్ కూడా దాటి, భీమ్‌గల్ దగ్గర పడుతోంది.

"బాపూ, దిగు! బ్యాగు జాతరకు పోయింది!"

దిగడం ఎక్కినంత సులువు కాలేదు. బాపును ఇద్దరికి అప్పగించి, కారు తీశాను. అవ్వ పిలవకుండానే వచ్చి పక్క సీట్లో కూర్చుంది, నా ఫోను చేతిలోకి తీసుకుంది. నేను నడపాలి, ఎవరో ఒకరు చుక్కను చూడాలి. ఆ పనిలో అవ్వను మించినవాళ్లు లేరు.

నిజామాబాద్ దాటేదాకా నేను అడుగుతూనే ఉన్నాను. ఎక్కడుంది? కదులుతోందా? సరిగా చూస్తున్నావా? అవ్వ ఓపిగ్గా చెబుతూనే ఉంది. భీమ్‌గల్ చేరింది. గుట్ట దగ్గర పడ్డది. తర్వాత అవ్వ కళ్లు చిట్లించి ఫోనును ముఖం దగ్గరకు తెచ్చుకుంది.

"ఏమైంది? చెప్పు!"

"సుట్లు తిరుగుతున్నది," అంది అవ్వ.

"సుట్లేంది? ఎవలన్న ఎత్కపోయిండ్రా? ఎందుకు తిరుగుతున్నది గాడ గాడనే?"

"జాతర గద బిడ్డా. కారు పెట్టనీకి జాగ దొరకదు. జాగ దొరికేదాంక తిరుగుతరు. నువ్వే చెప్పినవ్ గద."

ఒక బ్యాగు. అందులో నేను లేను. అది నేల మీద, కారులో, తెలిసినవాళ్ల దగ్గర భద్రంగా ఉంది. దాని కోసం నేను దారి పొడుగునా ఇన్నిసార్లు అడిగాను. అవ్వ ఇన్నేళ్లుగా చూస్తున్న చుక్కలో మనిషి ఉంది, అదీ గాల్లో. నాకు సిగ్గనిపించింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. అవ్వ చూడకుండా తుడుచుకుని, ముందు పోతున్న లారీ మీద హారన్ కొట్టాను.

గుట్ట కింద మాకూ జాగ దొరకలేదు. మేమూ తిరిగాం. చివరికి ఎవరిదో పసుపు చేను గట్టున కారు వదిలేసి, జనంలో తోసుకుంటూ మెట్లెక్కాం. యాప్ దగ్గర్లోనే ఉందంటుంది కానీ, ఆ జనంలో దగ్గరంటే ఎటు? బిళ్లను మోగించే బొత్తాం ఒకటుంటుంది. నొక్కాను. డప్పుల మధ్య, దర్శనం లైనులో, ఎక్కడో కీచుకీచుమని వినిపించింది.

నాతో పాటు మిగతావాళ్లకూ వినిపించింది. "బ్యాగుల ఏదో ఒర్లుతున్నది!" అని ఎవరో అన్నారు. అంతే. అప్పటిదాకా చీమ దూరే సందు లేని లైను, చూస్తుండగానే నీళ్లలో రాయి పడ్డట్టు గుండ్రంగా విడిపోయింది. నడిమధ్యలో నా నల్ల బ్యాగు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, హ్యాండిల్‌కు బంతిపూల దండ కట్టి ఉంది. కొంచెం దూరంలో క్యాంపు అత్తయ్య, "అయ్యయ్యో, అది మా అమ్మాయి బ్యాగండీ బాబూ!" అంటున్నా వినేవాళ్లు లేరు. ఒక కానిస్టేబుల్ చేతులు చాపి అందరినీ వెనక్కి నెడుతున్నాడు.

"నాదే సార్ ఆ బ్యాగు," అన్నాను.

"నీదే అని ఏం గుర్తు?"

"లోపల నా పాసు ఉంది."

"అయితే పాసు సూపియ్యి."

"బ్యాగు తీయనిస్తే చూపిస్తా."

"పాసు సూపియ్యకుంట బ్యాగు కాడికి పోవద్దు."

"పాసు బ్యాగుల ఉన్నది సార్!"

"గందుకే అంటున్న, ముందు పాసు సూపియ్యి."

నేను పైలట్‌ని అని కూడా చెప్పి చూశాను. గుంపులోంచి ఒకతను, "మరి విమానం యాడ పెట్టినవ్ అక్కా, నీకు పార్కింగ్ దొరికిందా?" అన్నాడు. భయంతో బిగుసుకుపోయిన జనం కూడా నవ్వారు. నేను ఆ గొడవలో మోత ఆపే బొత్తాం ఎక్కడుందో మరిచిపోయి వెతుకుతున్నాను. బ్యాగు అరుస్తూనే ఉంది.

ఎప్పుడు నా పక్క నుంచి పోయిందో తెలియదు, అవ్వ ఆ ఖాళీ జాగాలో నడుస్తోంది. కొంగు బిగించింది. కానిస్టేబుల్ "ఓ అవ్వా, ఆగు, ఆగు!" అంటున్నాడు. అవ్వ ఆగలేదు. "జరుగుర్రి. గది నా బిడ్డ సంచి. భయపడెటోళ్లు భయపడుర్రి," అంటూ వంగి, రెండు చేతులతో ఎత్తి, ఏడ్చే పిల్లను ఎత్తుకున్నట్టు భుజాన వేసుకుంది. అప్పటికి నాకు బొత్తాం దొరికింది. నొక్కాను. బ్యాగు ఊరుకుంది. అవ్వ ఎత్తుకోగానే ఊరుకుందని జనం అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు దండం పెట్టారు.

పాసు తీసి చూపించాక కానిస్టేబుల్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫోటో కంటే నేను లావయ్యానని చెప్పి వదిలేశాడు. అత్తయ్య నా చేతులు పట్టుకుంది. "దీపం లేని ఇంట్లో ప్రస్థానం ఉంచకూడదమ్మా. అందుకే మాతో తెచ్చాం. స్వామి పాదాల దగ్గర పెట్టించి, ఇందల్వాయి దగ్గర హైవే మీద నీకు ఎదురొచ్చి ఇచ్చేద్దామనుకున్నా. ఆ ముక్క చెబుదామంటే ఫోను ఇంట్లో మర్చిపోయా," అంది. ఆమె లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఆ వెంటిలేటర్ అద్దాల సంగతి ఆమెకు అప్పుడే చెప్పలేకపోయాను.

బట్టల పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది. తిరిగి పోయి తెచ్చుకునే టైముందా అని నేను గడియారం చూస్తుంటే అవ్వ కళ్లెర్రజేసింది. "ప్రస్థానం ఇంటికి మళ్లద్దు. ఇటు నుంచి ఇటే పో." యూనిఫాం హైదరాబాద్ గదిలో ఇంకో జత ఉంది. ఇటు నుంచి ఇటే పోయాను. అవ్వ అత్తయ్య వాళ్ల కారులో ఇల్లు చేరింది. నేను హైవే ఎక్కి, బంతిపూల వాసనతో హైదరాబాద్ దాకా నడిపాను.

శుక్రవారం ఎడమ సీట్లో కూర్చుని పోయాను, వచ్చాను. వచ్చేటప్పుడు శంషాబాద్ మీద రద్దీ. దిగడానికి వంతు లేదు, కాసేపు గుండ్రంగా తిరగమన్నారు. పక్కన కూర్చున్న పరీక్ష కెప్టెన్ నా ముఖం చూసి, ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. కింద జాగ దొరకలేదట సార్ అన్నాను. ఆయనకు అందులో నవ్వేందుకు ఏముందో అర్థం కాలేదు. ఒకటో సుట్టు, రెండో సుట్టు. బోధన్‌లో ఇప్పుడు ఎవరో కత్తిపీట పక్కన పెట్టి ఫోను పట్టుకుని ఉంటారని నాకు తెలుసు. ఆ తిరగడం అంత పొడుగ్గా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

దిగాం. ప్రయాణికులు దిగారు. పరీక్ష కెప్టెన్ కాగితాల మీద సంతకం పెట్టి, చెయ్యి కలిపారు. నేను ఫోను ఆన్ చేసి, అటు నుంచి మోగకముందే నేనే చేశాను.

"అవ్వా, దిగిన."

"ఎరుకే. యాపుల సూసిన," అంది అవ్వ. కొంచెం ఆగి, "ఇంకోపారి చెప్పు," అంది.

"దిగిన అవ్వా. మంచిగ దిగిన."

"మంచిది బిడ్డా," అని పెట్టేసింది.

నాలుగో పట్టీ వచ్చిందని చెప్పడానికి మళ్లీ ఫోను చేయాల్సి వచ్చింది.